బ్రిటనులో కొత్త డ్రైవరుకు రెండేండ్ల పరీక్ష

(విదేశములలో పిల్లలున్న తల్లిదండ్రుల కొరకు ఒక గ్రామ గ్రంథాలయమున జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



 బ్రిటను దేశపు రోడ్డు చట్టమును గూర్చి మన ఊరి గ్రంథాలయములో ముచ్చటించుట యెందులకని కొందరికి సందేహము కలుగవచ్చును. అయినను ఈ సభలో కూర్చున్నవారిలో కొడుకునో, కూతునో, అల్లునినో, కోడలినో ఆ దేశమునకు పంపినవారు కొందరున్నారు. పంపుటకు అప్పు తెచ్చినవారును ఉన్నారు. అక్కడ మన బిడ్డ చేతిలోని డ్రైవింగు లైసెన్సు రద్దయినచో ఇక్కడ మన ఇంటి వాయిదా తప్పును. అందువలన ఇది మన ఊరి విషయమే.

మేము ఈ సంగతిని మొదట పుస్తకములలో చదివి తెలిసికొనలేదు. మా ఇంటికి వచ్చిన కష్టము వలన తెలిసికొంటిమి. మా అన్నగారి కుమార్తె 2022లో ఆ దేశమునకు వెళ్ళినది. వృద్ధుల ఇండ్లకు పోయి వారికి స్నానము చేయించుట, మందులు ఇచ్చుట, అన్నము పెట్టుట ఆమె ఉద్యోగము. ఉదయము ఒక ఇల్లు, గంట గడచిన తరువాత మరియొక ఇల్లు. ఆ ఇండ్లు అయిదారు మైళ్ళ ఎడముగా నుండును. కారు నడుపుట రానివారికి అట్టి పని దొరకుట కష్టము. మా అమ్మాయికి ఇక్కడ ఏడు సంవత్సరములు కారు నడిపిన అనుభవము కలదు. ఒక్కనాడైనను బండికి గీత పడనీయలేదు. ఆ ధైర్యముతోనే వెళ్ళినది.

ఇక్కడ మొదటి విషయము గమనింపవలెను. మన దేశపు లైసెన్సుతో బ్రిటనులో స్థిరనివాసము మొదలైన నాటినుండి పండ్రెండు నెలలు మాత్రమే కారు నడుపవచ్చును. కొన్ని దేశముల లైసెన్సులను అక్కడి లైసెన్సుగా మార్చుకొనుటకు వీలు కలదు గాని ఆ దేశముల పట్టికలో భారతదేశము లేదు. కావున మనవారు ప్రొవిజనల్ లైసెన్సు తీసికొని, వ్రాత పరీక్షయు, రోడ్డు పరీక్షయు ప్యాసు కావలసినదే. ఆ పరీక్ష ప్యాసయిన దినమున వారు ఆ చట్టము దృష్టిలో కొత్త డ్రైవర్లు. మన ఊరిలో పది సంవత్సరములు ట్రాక్టరు నడిపినను, హైదరాబాదు రద్దీలో కారు నడిపినను, ఆ అనుభవమును ఆ చట్టము లెక్కలోనికి తీసికొనదు. నిన్న పరీక్ష ప్యాసయిన పదునేడేండ్ల పిల్లవానికిని, మన నలుబది యేండ్ల వానికిని అక్కడ ఒకే నియమము.

ఆ నియమమేమో చెప్పెదము. బ్రిటనులో కారు నడుపువారికి పరీక్ష 1935లోనే నిర్బంధము చేయబడినది. నేరము చేసినవారి లైసెన్సుపై పాయింట్లు వేయు పద్ధతి 1982లో అమలునకు వచ్చినది. మూడు సంవత్సరముల కాలములో 12 పాయింట్లు చేరినచో కోర్టువారు సాధారణముగా ఆరు నెలలకు తక్కువ కాకుండ బండి నడుపరాదని నిషేధింతురు. ఇది అందరికిని వర్తించు నియమము. కొత్తవారి కొరకు 1995లో వేరొక చట్టము చేసిరి. అది 1997 జూన్ 1వ తేదీనుండి అమలులోనున్నది. దాని ప్రకారము పరీక్ష ప్యాసయిన రెండు సంవత్సరముల లోపల 6 పాయింట్లు చేరినచో లైసెన్సు రద్దగును. పాతవారికి 12 అయినచో కొత్తవారికి అందులో సగము.

రద్దునకును నిషేధమునకును భేదము కలదు. నిషేధమైనచో గడువు తీరిన పిమ్మట సాధారణముగా లైసెన్సు తిరిగి చేతికి వచ్చును. రద్దయినచో మరల మొదటినుండి ఆరంభింపవలెను. ప్రొవిజనల్ లైసెన్సు, ఎర్ర ఎల్ బోర్డు, ప్రక్కన 21 సంవత్సరములు నిండి మూడు సంవత్సరములుగా పూర్తి లైసెన్సు కలిగిన మనుష్యుడు, మరల వ్రాత పరీక్ష, మరల రోడ్డు పరీక్ష. 2025 నాటికి వ్రాత పరీక్షకు 23 పౌనులు, పనిదినములలో రోడ్డు పరీక్షకు 62 పౌనులు రుసుము. రుసుము కన్న బరువైనది నిరీక్షణ. ఇటీవలి సంవత్సరములలో అనేక కేంద్రములలో రోడ్డు పరీక్ష తేదీ దొరకుటకు నెలల తరబడి వేచియుండవలసి వచ్చుచున్నది.

మరియొక కఠినమైన సంగతి. 12 పాయింట్ల నిషేధము విషయములో డ్రైవరు కోర్టులో నిలిచి, ఈ లైసెన్సు పోయినచో నా కుటుంబమునకు అసాధారణమైన కష్టము కలుగునని మొరపెట్టుకొనుటకు అవకాశము కలదు. కొత్త డ్రైవరు రద్దు విషయములో అట్టి మొర వినువారు లేరు. 6 పాయింట్లు చేరిన సమాచారము స్వాన్సీ పట్టణములోని లైసెన్సుల కార్యాలయమునకు చేరగానే వారు రద్దు చేసి తీరవలెను. దయ చూపుటకు చట్టము వారికి అధికారమీయలేదు.

ఇంత కఠినముగా నేల చేసిరని మీరు అడుగవచ్చును. "కొత్త బిచ్చగాడు పొద్దెరుగడు" అని మన పెద్దలు ఊరక చెప్పలేదు. పరీక్షాధికారి సుమారు నలుబది నిమిషములు ప్రక్కన కూర్చుండి మనుష్యుని నేర్పును చూడగలడు గాని, అర్ధరాత్రి ఒంటరిగా వచ్చునపుడు, నలుగురు స్నేహితులు వెనుక కూర్చుండి తొందరపెట్టునపుడు అతని నిగ్రహమెట్లుండునో చూడజాలడు. కొత్త దూడను కాడికి కట్టినపుడు రైతు మొదటి కారు సేద్యము ముగియువరకు ముకుత్రాడు వదలడు గదా! ఆ రెండు సంవత్సరములు అట్టి ముకుత్రాడే యని భావింపవలెను.

ఇక 6 పాయింట్లు చేరుట యెంత సులభమో వినుడు. వేగపరిమితి మించినచో తక్కువలో తక్కువ 3 పాయింట్లు, 100 పౌనుల జరిమానా. వేగము మరీ హెచ్చయినచో పాయింట్లును హెచ్చును. ఇండ్లు, వీధిదీపములు ఉన్న రోడ్లపై పరిమితి సాధారణముగా గంటకు 30 మైళ్ళు, అనగా సుమారు 48 కిలోమీటర్లు. వేల్సు ప్రాంతములో 2023 సెప్టెంబరు నుండి అట్టి రోడ్లలో పెక్కింటిపై 20 మైళ్ళే, అనగా 32 కిలోమీటర్లు. ఎర్ర దీపము దాటినచో 3 పాయింట్లు. టైరు అరిగి దానిపై గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గినచో ఒక్కొక్క టైరునకు 3 పాయింట్ల వంతున వేయవచ్చును. రెండు టైర్లు అరిగిన బండి ఒక్కనాడే కొత్తవాని లైసెన్సును పోగొట్టగలదు. అగ్గువకు వచ్చినదని పాత కారు కొను మన పిల్లలు ముందుగా వంగి టైర్లు చూడవలెను.

ఒక్క తప్పుతోనే 6 పాయింట్లు పడునవి మూడు కలవు. మొదటిది బీమా లేకుండ నడుపుట. స్నేహితుని కారు ఒక్క ఫర్లాంగు నడిపినను, ఆ బీమా పత్రములో తన పేరు లేనిచో అది బీమా లేని ప్రయాణమే. సొంత ఉపయోగమునకు బీమా చేసిన కారులో హోటలు భోజనములు ఇంటింటికి అందించు పని చేసినను అంతే. ఆ బీమా కూలి పనికి చెల్లదు. పైగా విద్యార్థి వీసా కలవారికి అట్టి స్వయం ఉపాధి పని చేయుట వీసా నియమములకును విరుద్ధము. రెండవది చేతిలో ఫోను పట్టుకొని నడుపుట. 2017 మార్చి 1వ తేదీనుండి దీనికి 6 పాయింట్లు, 200 పౌనుల జరిమానా. 2022 మార్చి 25వ తేదీనుండి నియమము మరింత బిగిసినది. ఎర్ర దీపము వద్ద బండి ఆగియున్నపుడు ఫోను చేతికి తీసికొని చూచినను నేరమే. మూడవది, బండి నడిపినవారెవరని పోలీసులు వ్రాసిన ఉత్తరమునకు సమాధానమీయకుండుట. మా అన్నగారి అమ్మాయిని దెబ్బతీసినది ఈ మూడవదే.

ఆమె 2023లో పరీక్ష ప్యాసయినది. మరుసటి సంవత్సరము అద్దె ఇల్లు మారినది. కొత్త ఇంటిలో మంచము, గ్యాసు పొయ్యి అమర్చుకొనుటయే గాని లైసెన్సు మీదను, కారు రికార్డు మీదను చిరునామా మార్పింపవలెనను తలంపు రాలేదు. ఒకనాడు ఉదయము వృద్ధురాలి ఇంటికి ఆలస్యమగుచున్నదని తొందరపడి వేగము మించగా రోడ్డు ప్రక్కనున్న కెమెరా ఫొటో తీసినది. ఆ దేశములో అట్టి నేరమునకు పదునాలుగు దినముల లోపల బండి యజమాని చిరునామాకు ఉత్తరము పంపుదురు. ఇరువది యెనిమిది దినములలో, నడిపినది నేనే యనియో, ఫలానా వారనియో వ్రాసి పంపవలెను. ఉత్తరము పాత ఇంటికి పోయినది. సమాధానము వ్రాయువారు లేరు. గడువు తీరినది. కోర్టులో ఆమె లేకుండనే విచారణ జరిగినది. వేగము నేరమునకు 3 పాయింట్లతో పోవలసినది, సమాధానమీయని నేరమునకు 6 పాయింట్లయినవి. లైసెన్సు రద్దయినదను ఉత్తరము సైతము ఆ పాత ఇంటికే పోయినది.

ఆ పాత ఇంటిలోని సహవాసి ఒకనాడు కవరులన్నియు మూటగట్టి తెచ్చి ఇచ్చిన పిమ్మట గాని అమ్మాయికి సంగతి తెలియలేదు. ఆ రాత్రి కవరులు ఒక్కొక్కటిగా విప్పి చదివికొని, తెల్లవారి పనికి బస్సులో పోయినది. అప్పటికైనను ఒక దారి కలదు. విచారణ సంగతియే తమకు తెలియదని, తెలిసిన నాటినుండి 21 దినముల లోపల ప్రమాణపూర్వకముగా చెప్పుకొన్నచో ఆ కేసును మరల మొదటినుండి విచారింతురు. అమ్మాయికి ఆ దారి తెలియదు. అడిగినచో చెప్పువారుండిరి. అయినను సిగ్గుపడి ఆఫీసులో చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు, తల్లిదండ్రులకు చెప్పలేదు. అన్నగారు ఫోను చేసినపుడెల్ల "అంతయు బాగుగనే యున్నది నాన్నా" అనెడిది. ఆ 21 దినములును ఆ మౌనములోనే గడచిపోయినవి.

ఇండ్లకు పోవు పని ఆగిపోయినది. యజమానులు ఆమెను ఒక వృద్ధాశ్రమములో రాత్రి పనికి మార్చిరి. గంటలు తగ్గినవి. గంటలతోపాటు జీతమును తగ్గినది. రెండు నెలలు వరుసగా బ్యాంకుకు సొమ్ము రాకపోవుటతో అన్నగారు మాయొద్దకు వచ్చి, "పిల్ల ఏదో దాచుచున్నది, నీవు అడిగి చూడుము" అని చెప్పి కంటతడి పెట్టిరి. మేము ఫోను చేసి మందలింపక, "అమ్మా, సొమ్ము సంగతి విడువుము, నీవెట్లున్నావో చెప్పుము" అంటిమి. అప్పుడు గాని గట్టు తెగలేదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట యెట్టిదో ఆనాడు మాకు బోధపడినది. పిదప ఆమె వ్రాత పరీక్ష వ్రాసినది. రోడ్డు పరీక్ష తేదీ కొరకు అయిదు నెలలు వేచినది. ప్యాసయినది. తిరిగి తన వృద్ధుల ఇండ్లకు పోవుచున్నది. ఆ దినమున అన్నగారు వీధిలో ఎదురయిన వారికందరికి మిఠాయి పంచిరి. మొదటి పరీక్షకు కూడ అంత సంతోషింపలేదు.

ఇట్లు మరల ప్యాసయినవారికి రెండవసారి ఆ రెండేండ్ల గడువు పెట్టరు. ఇది కొంత ఊరట. కాని పాత పాయింట్లు తుడిచిపోవు. సాధారణ నేరముల పాయింట్లు నాలుగు సంవత్సరములు రికార్డులో నిలుచును. బీమా కంపెనీవారు అడిగినపుడు దాచక చెప్పవలెను. అందువలన బీమా ఖర్చు పెరుగును. మరి రెండు చిన్న విషయములు. ప్రొవిజనల్ లైసెన్సు మీద ఉన్నపుడు పడిన పాయింట్లు చెల్లుబాటులోనుండి, ప్యాసయిన తరువాత పడినవానితో కలిసి 6 అయినను రద్దగును. లెక్కకు వచ్చునది నేరము జరిగిన తేదీ గాని తీర్పు తేదీ కాదు. రెండు సంవత్సరములు నిండుటకు ముందునాడు చేసిన తప్పునకు తరువాత తీర్పు వచ్చినను నియమము వర్తించును.

ఇంతటి భయములో కొందరు వక్రమార్గము తలపెట్టుదురు. నాకు కొత్త లైసెన్సు, నీకు పాతది, కావున నడిపినది నీవేనని వ్రాయుమని భర్తను, అన్నను, స్నేహితుని బతిమాలుదురు. ఇట్టిది ఎన్నటికిని చేయరాదు. క్రిస్ హ్యూన్ అను ఆయన ఆ దేశమున మంత్రిగా పనిచేసెను. 2003లో తాను చేసిన వేగము నేరము పాయింట్లను నాటి తన భార్య పేరున వేయించెను. పిదప నిజము బయటపడి 2013లో ఇరువురికిని ఎనిమిదేసి నెలల జైలుశిక్ష పడెను. 3 పాయింట్ల కొరకు మంత్రి పదవి పోయి, గౌరవము పోయి, చెరసాల దక్కినది. మంత్రికే తప్పనిది మన పిల్లలకు తప్పునా?

అయితే న్యాయమైన దారులును కలవు. వేగము కొంచెమే మించినచో ఇంగ్లండులో పోలీసువారు తరచుగా పాయింట్లకు బదులు ఒక శిక్షణ తరగతికి పిలుతురు. గడచిన మూడు సంవత్సరములలో అట్టి తరగతికి పోయియుండని వారికే ఈ సదుపాయము. రుసుము చెల్లించి ఆ తరగతికి పోయివచ్చినచో పాయింట్లు పడవు. అయినను ఉత్తరమునకు సమాధానము వ్రాసినవారినే ఆ తరగతికి పిలుతురు. ఉత్తరము అందనివానికి ఆ దారియు మూయబడును.

మన దేశములో ఇట్టివి లేవని భావింపరాదు. హైదరాబాదు నగరమున 2017 ఆగస్టులో పాయింట్ల పద్ధతి ఆరంభింపబడినది. రెండు సంవత్సరములలో 12 పాయింట్లు చేరినచో లైసెన్సును ఒక సంవత్సరము నిలుపుదల చేయవలెనని ఆనాడు నిర్ణయించిరి. మన మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ ప్రకారము, మద్యము త్రాగి నడుపుట, ప్రమాదకరముగా నడుపుట వంటి నేరములలో పోలీసు అధికారి లైసెన్సును తీసికొని లైసెన్సుల అధికారికి పంపవచ్చును. ఆ అధికారి మన మాట విని, మొదటి తప్పునకు మూడు నెలలు నిలుపుదల చేయవచ్చును. మరల చేసినచో రద్దు చేయవచ్చును. హెల్మెట్టు లేకుండ మోటారు సైకిలు నడిపినను మూడు నెలల అనర్హత ఆ సవరణలో కలదు. మైనరు పిల్లవానికి బండి ఇచ్చి నేరము జరిగినచో తండ్రికి లేక యజమానికి మూడు సంవత్సరముల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ పిల్లవానికి 25 సంవత్సరములు నిండువరకు లైసెన్సు రాదు. ఇక్కడ హెల్మెట్టు పెట్టుకొను అలవాటు చేసిన తండ్రి, అక్కడ టైరు చూచుకొను కొడుకును తయారుచేసినవాడగును.

ఇక మనము ఇక్కడనుండి చేయదగిన పనులు చెప్పి ముగించెదము. ఈ రాత్రియే మీ పిల్లలకు ఈ ప్రశ్నలు వేయుడు. పరీక్ష ఏ తేదీన ప్యాసయితివి, రెండు సంవత్సరములు ఎప్పుడు నిండును? ఆ తేదీని మన ఇంటి క్యాలెండరులో వ్రాసి ఉంచుడు. ఇల్లు మారినపుడు లైసెన్సు మీదను, కారు రికార్డు మీదను చిరునామా మార్పించితివా? బీమా పత్రములో నీ పేరున్నదా, నీవు చేయు పనికి అది చెల్లునా? టైర్లు ఎప్పుడు చూచితివి? ఏదైన ఉత్తరము వచ్చినచో ఆ దినముననే విప్పి చదువుచున్నావా?

మరియొకటి మన చేతిలోనే యున్నది. మనకు రాత్రి తొమ్మిది గంటలయినపుడు వారికి వేసవిలో సాయంత్రము నాలుగున్నర, చలికాలములో మూడున్నర. అది పనిమీద రోడ్డున తిరుగు వేళ. భోజనము చేసి, మనసు బిడ్డమీదికి పోయి మనము ఫోను చేయుదుము. అక్కడ బండి నడుపుచున్న బిడ్డ, అమ్మ ఫోను గదా, ఏమి ఆపదయో యని చేయి చాచును. ఆ చేయి చాచుటకే 6 పాయింట్లు. తల్లి ప్రేమయే బిడ్డ లైసెన్సును రద్దు చేయించుట ఎంత విషాదకరము! అందువలన ఒక వేళ నిర్ణయించుకొనుడు. వారు పని ముగించి ఇంటికి చేరి తామే ఫోను చేయునట్లు ఏర్పాటు చేసికొనుడు. తప్పక మీరే చేయవలసి వచ్చినచో, ఎత్తగానే మొదటి మాటగా "బండిలో నున్నావా?" అని అడిగి, ఔనన్నచో వెంటనే పెట్టివేయుడు. మా అన్నగారింట ఇప్పుడు ఇదే నియమము. మా వదినగారు రాత్రి పదిన్నర వరకు మేలుకొని ఆ ఫోను కొరకు ఎదురుచూచుచున్నారు గాని, తానుగా చేయుట మానివేసినారు.

చివరగా ఒక్క మాట. పిల్లలు తప్పు చేసినచో మొదట మనకు చెప్పునంతటి చనువు వారికి ఇచ్చి పంపవలెను. ఆ 21 దినములు మా అమ్మాయి ఎవరికిని చెప్పకపోవుటకు కారణము ఆ దేశపు చట్టము కాదు, మేము ఏమనుకొందుమో యను భయము. ఆ భయమును తీసివేయుట మన పని.